పూలపిచ్చి కాదండీ, అది మీ పనితనం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక గృహిణి రాశారు. వయసు 51. పిల్లలు ఉద్యోగాలకని బెంగళూరు వెళ్లిపోయాక డాబా మీద మల్లె, మరువం, కనకాంబరం పెంచుతున్నారు. పండగలకు కదంబం మాలలు కడతారు, సున్నిపిండి ఇంట్లోనే కలుపుతారు. వాళ్లాయన మాత్రం చుట్టాల ముందు 'మా ఆవిడకి పూలపిచ్చి' అని నవ్వుతారు, తొట్ల నీళ్లకు స్లాబు పాడవుతోందని రోజూ గొడవ. అబ్బాయేమో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్ముదామంటున్నాడు. 'పాట రాదు, బొమ్మ వేయడం రాదు. ఇదీ ఒక కళేనా, లేక ఊరికే టైమ్‌పాస్ చేస్తున్నానా?' అని ఆవిడ ప్రశ్న.

కళేనండీ, అందులో అనుమానం అక్కర్లేదు. మీరు మాల కట్టే పద్ధతి మీరే రాశారు, మరోసారి చదువుకోండి. పొద్దున్నే మొగ్గలు కోసి తడిగుడ్డలో చుట్టి పెడతారు, ఎందుకంటే మల్లె వాసన విచ్చుకునేటప్పుడే వస్తుంది, ఆ విచ్చుకోవడం సాయంత్రం మాల తల్లోకి చేరాక జరగాలి. కనకాంబరానికి వాసన లేదు, అది రంగు కోసం. మరువం మరీ దగ్గర దగ్గరగా పెడితే మల్లెను మింగేస్తుంది కాబట్టి జానెడు దూరంలో ఒక రెమ్మ. అరటినార తడిపి, తెగకుండా, మొగ్గ కాడ నలగకుండా ముడి వేయాలి. సున్నిపిండిలో కచ్చూరాలు ఏ మాత్రం ఎక్కువైనా ఘాటొస్తుందని మీ ముక్కు ముందే చెప్పేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి పాత్రల్లో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి పట్టి తొలకరి వాసన వచ్చే అత్తరు చేస్తారు. అక్కడా పని నడిచేది ఇలా వాసన పట్టగల ముక్కు మీదే. పాట ఒక్కటే కళ అని మనకెవరు చెప్పారో గానీ, ఇంట్లో ఆడవాళ్లు చేసే ఇలాంటి పనులన్నీ లెక్కలోకి రాకుండా పోయాయి, అదే నాకు బాధ.

ఇక మీవారి సంగతి. ఆయన చెప్పేవాటిలో స్లాబు మాట నిజం, దాన్ని కొట్టిపారేయకండి. తొట్టి నేరుగా డాబా మీద ఉంటే కింద నీళ్లు నిలిచి చెమ్మ దిగుతుంది. ఇటుకలు పెట్టి పైకి లేపండి, నీళ్లు పోయే గొట్టం దగ్గర ఏమీ పెట్టకండి, తడి మట్టి బరువు కాబట్టి సగం కొబ్బరిపొట్టు కలపండి. ముందు ఈ పని చేసేసి, తర్వాత ఆయనతో విడిగా కూర్చుని మాట్లాడండి. 'స్లాబు సంగతి చూసుకున్నాను. నలుగురిలో పూలపిచ్చి అంటే మాత్రం నాకు చిన్నతనంగా ఉంటోంది, ఇక అలా అనొద్దు' అని సూటిగా చెప్పండి. ఏడుస్తూ వద్దు, దెప్పుతూ వద్దు. చాలామంది మగవాళ్లు అది ఎగతాళి అని కూడా అనుకోరు, సరదాగా అన్నామనుకుంటారు. చెప్పాక కూడా అంటుంటే అప్పుడది సరదా కాదు, అప్పుడు మళ్లీ రాయండి. వీలైతే ఓ సెలవు రోజు ఇద్దరూ కలిసి కొండపల్లి వెళ్లండి. తెల్లపొణికి కర్రలో చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల మక్కుతో అతికించడం దగ్గరుండి చూస్తే, చేతిపని అంటే ఏమిటో మీరు నోటితో చెప్పక్కర్లేకుండానే ఆయనకు తెలియొచ్చు.

అబ్బాయి ప్రేమతోనే అంటున్నాడు, కానీ నేను ఇప్పుడే వద్దంటాను. అమ్మకం మొదలైతే 'పూలపిచ్చి' పోయి 'ఈ నెల ఎంతొచ్చింది' అనే మాట వస్తుంది, ఆయన గౌరవం డబ్బుతో కొనుక్కున్నట్టవుతుంది. పైగా సున్నిపిండిలాంటి ఒంటికి రాసుకునేవి తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి, ఇది అబ్బాయికి తెలియకపోవచ్చు. మీకే మనస్ఫూర్తిగా అమ్మాలనిపించిన రోజున చూద్దాం.

ఈలోగా ఒక నోట్‌బుక్కు తెచ్చుకుని సున్నిపిండి కొలతలు, ఏ మాలలో ఏ పువ్వు ఎంత అనేది రాసుకోండి, పెళ్లయ్యాక మీ అమ్మాయి అడిగేది అదే. మల్లెకు ఆకులే తప్ప పూలు తగ్గాయన్నారు కదా, డిసెంబరులో నీళ్లు తగ్గించి, ఆకు దూసి, అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఆ తర్వాత ఎరువు వేసి మళ్లీ నీళ్లివ్వండి. రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే చోటుకు మార్చండి.