లిఫ్టులో యూరిన్ బ్యాగు ఎక్కడుంది?

ఐసీయూలో ఇన్ఫెక్షన్లు తగ్గించడానికి పీడీఎస్ఏ (ఒక మార్పును చిన్నగా చేసి చూసి, సరిదిద్దుకుంటూ పోయే పద్ధతి) చేయమంటున్నారు, అది నిజంగా పనికొస్తుందా, ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్ళ ఫైలు నింపడానికేనా అని అడిగారు. నేను రెండూ చూశాను. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో (పేరెందుకులెండి) ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేరినప్పుడు మొదట్లో మేం నింపింది ఫైలే.

ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్ అని నాలుగు గడులుంటాయి. మా బాధ యూరిన్ కాథెటర్ (మూత్రాన్ని బ్యాగులోకి తీసే పైపు) ఉన్నవాళ్ళకు వచ్చే ఇన్ఫెక్షన్. ప్లాన్‌లో 'చేతుల శుభ్రతపై అవగాహన' అని రాశాం, క్లాసు పెట్టాం, ఫొటో దిగాం, యాక్ట్‌లో 'కొనసాగించాలి' అని రాసేశాం. స్టడీ గడిలో ఏం రాశామో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఒకరోజు పేషెంటును సీటీ స్కాన్‌కు దింపుతుంటే నేనూ లిఫ్టెక్కాను. సగానికి పైగా నిండిన బ్యాగు ఆయన కాళ్ళ మధ్య, దుప్పటి మీద ఉంది. స్ట్రెచర్ గడప దాటి ఊగగానే ట్యూబులో మూత్రం వెనక్కి జారింది. బ్యాగు ఎప్పుడూ బ్లాడర్ (మూత్రాశయం) కంటే కిందే ఉండాలని మాలో తెలియనిదెవరికి! వార్డు బాయ్ మీద అరిచాను. 'సైడుకు పెడ్తే లిఫ్టు తలుపుకు తాకుతది సిస్టరమ్మా, మీరే పెట్టి చూడుండ్రి' అన్నాడు. పెట్టాను. తాకింది.

మా అసలు పీడీఎస్ఏ అక్కడ మొదలైంది. ఒక్క స్ట్రెచర్, ఒక్క షిఫ్టు, అంతే. ముందు హుక్కును కాళ్ళవైపు మార్చాం, బ్యాగు నేలకు రాసుకుంది. తర్వాత యూనిట్ దాటేముందే బ్యాగు ఖాళీ చేసి, హుక్కు కాస్త పైకి జరిపాం, అప్పుడు కుదిరింది. ఆ తర్వాతే మిగతా స్ట్రెచర్లకు పెట్టాం.

రెండో మార్పు, రోజూ రౌండ్స్‌లో 'ఈ పైపు ఇవాళ ఇంకా ఎందుకు?' అని అడగడం. అవసరం లేని కాథెటర్ తీసేయడాన్ని మించిన నివారణ లేదు. డాక్టర్లు అడ్డుపడతారనుకున్నాం. అడ్డుపడింది మేమే. పైపు తీస్తే రాత్రంతా బెడ్‌పాన్లు, తడిసిన దుప్పట్లు, ఇద్దరు సిస్టర్లకు ఒక్క ఆయమ్మ. నైట్‌కు ఇంకో ఆయమ్మను ఇచ్చేదాకా ఆ ప్రశ్న చార్టులో టిక్కుగానే మిగిలింది.

లెక్క దగ్గర ఒక మెలిక ఉంది. ఇన్ఫెక్షన్ల సంఖ్యను కాథెటర్ రోజులతో (పేషెంట్లందరికీ కలిపి పైపు ఉన్న రోజులు) భాగించి 1000తో గుణిస్తారు కదా. ఉదాహరణకు 1000 రోజుల్లో 4 కేసులుంటే రేటు 4. పైపులు త్వరగా తీసి రోజులు 500కు తగ్గి, కేసులు 3 అయితే రేటు 6! కేసు తగ్గినా కాగితం మీద రేటు పెరిగింది. అందుకే మొత్తం పేషెంటు రోజుల్లో కాథెటర్ రోజులెన్నో పక్కనే రాయండి. ఇంకొకటి, జ్వరం, నొప్పి లాంటివేవీ లేనివాళ్ళకు ఊరికే కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతున్నాయేమో చూసే పరీక్ష) పంపొద్దు. కొన్నాళ్ళు పైపు ఉంటే ఏదో ఒకటి పెరుగుతూనే ఉంటుంది, అది ఇన్ఫెక్షన్ కాదు. మా అడ్మిన్ సార్ మాత్రం ఆ రేటు గ్రాఫు పైకి లేచిన నెల నన్ను పిలిపించి, 'ఏంటమ్మా, పని చేస్తే పెరిగిందేంటి?' అన్నారు. చెప్పడానికి రెండు మీటింగులు పట్టింది.