లా డిగ్రీ ఉంటే లాయర్ అయిపోయినట్టేనా?

కాదండి. డిగ్రీ తర్వాత దాదాపు ఎక్కడైనా ఇంకో మెట్టు ఉంటుంది. అది పరీక్షా, శిక్షణా, రెండూనా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో భారమంతా బార్ పరీక్ష (లాయర్ లైసెన్సు కోసం రాసే పరీక్ష) మీదే, మామూలుగా రెండు రోజులు రాయిస్తారు. అందులో పెర్ఫార్మెన్స్ టెస్ట్ అని ఒకటి ఉంటుంది, నాకు బాగా నచ్చే భాగం అదే: ఒక కేసు ఫైలు, దానికి కావాల్సిన చట్టం, పాత తీర్పులు అన్నీ చేతికిచ్చి 90 నిమిషాల్లో సీనియర్‌కి మెమోనో క్లయింటుకి ఉత్తరమో రాయమంటారు. బట్టీ పట్టింది అక్కడ పనిచేయదు, ఆ కాగితాల్లోంచి పనికొచ్చే ముక్క ఏరుకోగలగాలి.

జర్మనీ దారి వేరు. మొదటి పరీక్ష పాసయ్యాక సుమారు రెండేళ్లు సివిల్ కోర్టు జడ్జి దగ్గర, ప్రాసిక్యూటర్ దగ్గర, ప్రభుత్వ ఆఫీసులో, లాయర్ దగ్గర కొన్ని నెలల చొప్పున పనిచేయాలి, జడ్జి ఇచ్చిన ఫైలు చదివి తీర్పు ముసాయిదా కూడా రాయాలి, ఆ తర్వాతే రెండో పరీక్ష. పని నేర్పడంలో ఇదే మేలైన పద్ధతని నా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (క్లయింట్లకి సలహాలిచ్చి, పత్రాలు, కేసుల పని చూసే లాయర్) కావడానికి 2021లో ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్ష వచ్చింది, దాంతోపాటు రెండేళ్ల పని అనుభవం కావాలి.

చాలామంది పట్టించుకోనిది లైసెన్సు ఇచ్చే ముందు చేసే నడవడిక పరిశీలన. పాత కేసులు, కాపీ కొట్టి దొరికిన సంగతులు కూడా అడుగుతారు. ఏదైనా ఉంటే దరఖాస్తులోనే రాసేయండి, దాచి తర్వాత బయటపడితే అసలు తప్పు కన్నా ఆ దాచడమే పెద్ద అడ్డంకి అవుతుంది.