సీసం బుల్లెట్ల కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

టెక్సాస్‌లో మీ పక్కింటి పెద్దాయన సొంతంగా సీసం బుల్లెట్లు పోసుకుని, తన 9 ఎంఎం పిస్టల్లో పరీక్షించడం మీద నువ్వు రాసిన కథ చదివాను. మంచి వస్తువు దొరికింది నీకు. కానీ రెండో పేరాలోనే పిస్టల్ పేల్చేశావు. ఇక చెప్పడానికేమీ మిగలక పొగ, చప్పుడు, ప్రతిధ్వని అంటూ నాలుగు పేజీలు నింపావు.

ఆ పనిలో అసలు టెన్షన్ పేల్చకముందు ఉంటుంది. అక్కడ ఆగి చూడు. ఆయన పిస్టల్ విప్పి, బ్యారెల్, అంటే గుండు దూసుకెళ్లే గొట్టం, ఒక్కటే చేతిలోకి తీసుకుంటాడు. తయారైన తూటాని, అంటే కేసులో మందు నింపి పైన బుల్లెట్ బిగించినదాన్ని, అందులోకి జారవిడుస్తాడు. అది టక్కున అడుగుదాకా దిగాలి. వేలితో తిప్పితే తిరగాలి. బ్యారెల్ బోర్లిస్తే దానంతటదే పడిపోవాలి. పడలేదంటే బుల్లెట్ లావైనా అయ్యుండాలి, తూటా పొడవైనా ఎక్కువై ఉండాలి. ఆ క్షణంలో ఆయన ముఖం ఎలా ఉందో నీ కథలో లేదు.

ఫ్యాక్టరీ బుల్లెట్లకు సాధారణంగా రాగి తొడుగు ఉంటుంది, వీటికి ఉండదు. 9 ఎంఎం బ్యారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పడానికి చెక్కిన గాడుల దగ్గర వ్యాసం సుమారు 0.355 అంగుళం. సీసం బుల్లెట్ అంతకంటే అంగుళంలో వెయ్యో వంతో, రెండు వంతులో లావుగా ఉండాలి. సన్నగా ఉంటే వేడి గ్యాస్ పక్కనుంచి దూరి, సీసాన్ని కరిగించి బ్యారెల్ లోపల పూసేస్తుంది. ఆయనది గ్లాక్ అని రాశావు. వట్టి సీసం బుల్లెట్లు వాడొద్దని ఆ కంపెనీయే చెబుతుంది. మరి ఆయన వేరే బ్యారెల్ కొని బిగించుకున్నాడా, లేక మొండిగా అదే వాడుతున్నాడా? ఇది తేల్చుకుంటే ఆయన ఎలాంటి మనిషో నీకే తెలిసిపోతుంది.

పేల్చేటప్పుడు కూడా మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) నింపించకు. మొదట ఒకటి, తర్వాత రెండు చాలు. మందు తక్కువైతే స్లైడ్ (పేలినప్పుడు వెనక్కి జరిగే పిస్టల్ పైభాగం) పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు మధ్యలో ఇరుక్కుంటుంది. అంతకన్నా భయంకరమైనది, తుస్సుమన్న చప్పుడు. బుల్లెట్ బ్యారెల్లోనే ఆగిపోయి ఉండొచ్చు. వెనకే ఇంకోటి పేలిస్తే బ్యారెల్ పగిలిపోవచ్చు. తెలిసినవాడు అక్కడే ఆగిపోతాడు. మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని చూసుకుని, బ్యారెల్ విప్పి వెలుతురుకి ఎత్తి చూస్తాడు. నీ కథకు పతాక సన్నివేశం ఇదే. గురికి తగిలిన షాట్ కాదు.

సీసం కరిగే గరాజులోకి మనవడు బిస్కెట్లు తింటూ వస్తాడని ముద్దుగా రాశావు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. పసిపిల్లల మెదడుకు సీసం చాలా చేటు, కొంచెమైతే పర్వాలేదు అనడానికి లేదు. పైగా 327 డిగ్రీలు దాటి కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా ఆవిరై లోహాన్ని చిందిస్తుంది. పెద్దాయనకి ఇవన్నీ తెలుసు కాబట్టి వాణ్ని గుమ్మంలోనే ఆపాలి, చేతులు కడుక్కున్నాకే ఎత్తుకోవాలి. ఆయనకి మనవడంటే ఎంత ప్రేమో అక్కడ కనబడుతుంది.

ఇంకొకటి. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అక్కడ సొంత వాడకానికి చేసుకోవడం చాలామందికి హాబీ. ఒక్క వాక్యంలో ఆ సంగతి చెప్పెయ్. లేకపోతే గుంటూరులో చదివేవాడు ఆయన్ని నేరస్థుడనుకుంటాడు.

తిరగరాసే ముందు ఒకసారి ఆయన పక్కన కూర్చుని, బ్యారెల్లో తూటా వేసి చూపించమని అడుగు. కొత్త ప్రతి దసరాలోపు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య