గండికోట వంకల్లో గ్రావెల్ సైకిల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారే చోట బండి బాటల మీద, ఎండిన వంకల్లో (చిన్న వాగుల్లో) సైకిల్ తొక్కాలనుకునే వాళ్ళు పంపిన ప్రశ్నలివి. గ్రావెల్ సైకిల్ అంటే రోడ్డు సైకిల్‌లా వంగిన హ్యాండిల్, దానికంటే వెడల్పైన టైర్లు, డిస్క్ బ్రేకులు ఉన్నది. అది లేనివాళ్ళు వెడల్పు టైర్లు పట్టే హైబ్రిడ్ సైకిల్‌తోనూ వెళ్ళవచ్చు.

ప్రశ్న: గండికోట లోయ అడుగున సైకిల్ తొక్కడం కుదురుతుందా? ఒక్కరోజులో ముగిసే దారి ఎలా ఎంచుకోవాలి? (ప్రొద్దుటూరు)

లోయ అడుగుకు సైకిల్‌తో దిగకండి. గోడల నుంచి ఊడిపడ్డ పెద్ద పెద్ద బండలే అక్కడంతా. పైన గండికోట రిజర్వాయరు, దిగువన మైలవరం డ్యామ్ ఉన్నాయి కాబట్టి నీటిమట్టం మీరు అనుకున్నట్టు ఉండదు. సైకిల్‌కు తగినవి పైనున్న మెట్టనేలలు, లోయలోకి దిగే చిన్న వంకలు, చేలగట్ల బండి బాటలు.

జమ్మలమడుగు నుంచి కోట దాదాపు 15 కిలోమీటర్లు, తారు రోడ్డే. కోట పెన్నాకు దక్షిణపు ఒడ్డున ఉంది. బెలూం గుహలు అవతలి వైపు, రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్ల దూరం. మ్యాపులో దగ్గరగా కనిపించినా లోయను దాటే దారి లేదు, చుట్టూ తిరిగి రావాల్సిందే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు రెండింటినీ ఒకే రోజులో కలపకండి. కోట వైపు 35, 40 కిలోమీటర్ల చుట్టు పెట్టుకుంటే చాలు. మట్టిబాటలో గంటకు 10 నుంచి 12 కిలోమీటర్లే సాగుతుంది, వంకలో దిగితే అందులో సగం.

దారి గీసుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. పాత మ్యాపుల్లో కనిపించే కొన్ని బాటలు ఇప్పుడు రిజర్వాయరు నీళ్ళ కింద ఉన్నాయి. కొండాపురం మండలంలో ముంపునకు పోయిన ఊళ్ళ బాటలు అలాంటివే, అందుకే ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూడాలి. కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నాపరాయి గనుల దారుల్లో లారీలు తిరుగుతాయి. వదిలేసిన గుంతల్లో లోతైన నీళ్ళు ఉంటాయి, అంచుకు కంచె ఉండదు. ఇక రిజర్వు ఫారెస్టు సరిహద్దు రాళ్ళు కనిపిస్తే అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. నల్లమలలో పులుల అభయారణ్యం, శేషాచలంలో ఎర్రచందనం ఉన్నాయి గనుక అక్కడ ఈ నిబంధన ఇంకా గట్టిగా అమలవుతుంది.

లోయ అంచున సైకిల్ దిగి నడవండి. పొరలు పొరలుగా పేర్చినట్టుండే ఎర్రటి క్వార్ట్‌జైట్ బండ కొన్నిచోట్ల కింద ఆధారం లేకుండా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. పై నుంచి చూస్తే అది తెలియదు.

ప్రశ్న: టైరు ఎంత వెడల్పు ఉండాలి, గాలి ఎంత పెట్టాలి? దుకాణంలో 60 పి.ఎస్.ఐ. కొట్టి పంపారు. (తాడిపత్రి)

పి.ఎస్.ఐ. అంటే టైరులో గాలి ఒత్తిడికి కొలత. 60 ఈ నేలకు చాలా ఎక్కువ. గట్టిగా ఉన్న టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, ఎగిరినప్పుడు పట్టు ఉండదు, చేతులు తిమ్మిరెక్కుతాయి. ఇక్కడ 40 మి.మీ. కనీసం, 45 అయితే హాయి. ఫ్రేములో టైరుకు రెండు పక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ ఉండేలా చూసుకోండి. లేకుంటే టైరుకు అంటుకున్న రాయి ఫ్రేమును గీరేస్తుంది.

75 కిలోల మనిషి, 45 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరు అయితే ముందు చక్రానికి 26 నుంచి 28, వెనక చక్రానికి 29 నుంచి 31 పి.ఎస్.ఐ. పెట్టి మొదలుపెట్టండి. బరువులో ప్రతి 10 కిలోల తేడాకు 2 కలపండి లేదా తగ్గించండి. లోపల ట్యూబు ఉంటే 6 నుంచి 8 ఎక్కువ కావాలి. గాలి తక్కువైతే రాతి అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. అలాంటి జంట చిల్లు కనిపిస్తే ముల్లు కోసం వెతకకండి, గాలి పెంచండి. 38 మి.మీ. ట్యూబు టైర్లున్న హైబ్రిడ్ సైకిల్‌కు ముందు 42, వెనక 46 దగ్గర మొదలుపెట్టవచ్చు. ఏది పెట్టినా టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠ, కనిష్ఠ అంకెలు దాటకండి. రిమ్ముకు కూడా పరిమితి ఉంటుంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఎండ. తెల్లవారుజామున 22 డిగ్రీల్లో 30 పి.ఎస్.ఐ. కొట్టిన టైరు, ఎండలో కాలిన బండమీద 50 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 34కు చేరుతుంది. ఉదయం మెత్తగా ఉన్న సైకిల్ పదింటికి ఎగరడం మొదలుపెడితే కారణం అదే. నీడలో ఆగి కాస్త గాలి వదలండి. చేతి నొక్కుతో అంచనా వేయకుండా చిన్న గేజి జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: ముళ్ళతో విసిగిపోయాను. ట్యూబు మార్చిన పావుగంటకే మళ్ళీ గాలి పోతోంది. ట్యూబ్‌లెస్‌కు మారితే లాభమా? (పులివెందుల)

లాభమే. ఇక్కడ రెండు రకాల ముళ్ళు ముఖ్యం. నేలకు పరుచుకునే పల్లేరు తీగ కాయలు టైరుకు పదుల సంఖ్యలో ఒకేసారి గుచ్చుకుంటాయి. సర్కారు తుమ్మ ముల్లు పొడవైనది, ట్రెడ్డు (నేలకు తగిలే మందపాటి రబ్బరు) దాటి నేరుగా లోపలికి పోతుంది. పల్లేరు చేల గట్టున, ఊరి చివర బీళ్ళలో ఎక్కువ. తుమ్మ మోపులు కొట్టి మోసుకుపోయిన బాటల్లో విరిగిన కొమ్మలు పడి ఉంటాయి.

మార్చిన వెంటనే మళ్ళీ పంక్చర్ అవుతోందంటే ముల్లు కొన టైరులోనే ఉండిపోయింది. బయటి వైపు విరిగిపోయిన ముల్లు కంటికి కనబడదు, కానీ లోపలి వైపు అర మి.మీ. పొడుచుకుని ఉంటుంది. టైరు విప్పి లోపల పాత కాటన్ గుడ్డతో గుండ్రంగా రుద్దండి. దారం ఎక్కడ చిక్కుకుంటే అక్కడే ముల్లు. వేలితో రుద్దకండి. కొన కనిపిస్తే పటకారుతో లాగండి, రెండు వైపులా చూసి రెండోసారి రుద్దాకే కొత్త ట్యూబు వేయండి.

ట్యూబ్‌లెస్‌లో ఇదంతా సీలెంట్ (టైరులో పోసే, చిల్లులు మూసే ద్రవం) చూసుకుంటుంది. 45 మి.మీ. టైరుకు 60 నుంచి 90 మిల్లీలీటర్లు మామూలు కొలత. ఈ ముళ్ళకు 100 పోయండి. ముల్లు లాగేసి, ఆ చిల్లు కింది వైపుకు వచ్చేలా చక్రం తిప్పి ఒక నిమిషం ఆగితే మూసుకుంటుంది. 4, 5 మి.మీ. కోతకు అది చాలదు, ప్లగ్గు (చిల్లులో దూర్చే రబ్బరు ముక్క) గుచ్చాలి. ప్లగ్గు చివర్లు బయట 3, 4 మి.మీ. మిగిలేలా కోసి, గాలి కొట్టి చూడండి.

మన వేడిలో సీలెంట్ త్వరగా ఆరిపోతుంది. కంపెనీ డబ్బా మీద మూడు నుంచి ఆరు నెలలని రాసినా వేసవిలో ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి వాల్వు లోపలి భాగం విప్పి, సన్నని పుల్ల పెట్టి చూడండి. తడి అంటకపోతే 50 మిల్లీలీటర్లు కలపాలి. పాత సీలెంట్ టైరు లోపల మీగడలా పొర కట్టి ఉంటే ముందు దాన్ని ఒలిచేయాలి. చిన్న కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్‌తో టైరు నింపే అలవాటున్నవారు వాల్వు పైకి ఉండేలా పెట్టి నింపండి. కొన్ని సీలెంట్లు ఆ చల్లని గ్యాస్ తగలగానే గడ్డకడతాయి. చేతి పంపు ఎప్పుడూ వెంట ఉండాలి, ఒక ట్యూబు కూడా.

ప్రశ్న: ఎండిన వంకలో ఇసుక తగలగానే ముందు చక్రం దిగబడి పడిపోతున్నాను. (అనంతపురం)

ఇసుకలోకి దిగాక గేరు మార్చడం, బ్రేకు పట్టడం, హ్యాండిల్ తిప్పడం: ఈ మూడూ పడేస్తాయి. ఇసుక కనిపించిన వెంటనే, గట్టి నేల మీద ఉండగానే రెండు గేర్లు తగ్గించండి. పిరుదులు సీటు మీద వెనక్కి జరిపి, చేతుల్లో బరువు తగ్గించి, ఆగకుండా ఒకే వేగంతో తొక్కండి. చూపు చక్రం ముందు కాక 10 మీటర్ల అవతల ఉండాలి. చక్రం అటూ ఇటూ జారితే జారనివ్వండి, దాన్ని సరిదిద్దబోతేనే పడతారు.

అంతకంటే ముందు ఏ గీతలో పోవాలో నేలే చెబుతుంది. వంక మలుపులో లోపలి వైపు నీళ్ళు నెమ్మదిస్తాయి గనుక అక్కడ సన్న ఇసుక మేట వేస్తుంది. బయటి వైపు ఒరుసుకుపోవడంతో గులకరాళ్ళు, బండ తేలతాయి. మెత్తటి ఇసుకలో బేజారెత్తితే బయటి వైపు గులకరాళ్ళ మీద పోవడమే మేలు, కానీ నేరుగా గట్టు అంచుకు ఆనుకుని వద్దు, అక్కడ గుంతలుంటాయి. రంగు కాస్త ముదురుగా ఉన్న ఇసుక తడిది, కాబట్టి గట్టిది. ఎండి బీటలు వారిన ఒండ్రు మీద మాత్రం అపనమ్మకంతో ఉండండి. పైపొర పెళ్ళలా గట్టిగా కనిపించినా లోపల బురద ఉంటుంది, చక్రం ఇరుసు దాకా దిగబడుతుంది. కాలితో ఒకసారి గట్టిగా తొక్కి చూస్తే తెలుస్తుంది. ఇసుక తవ్విన చోట్ల నిట్టనిలువు గుంతలుంటాయి, అందుకే తెలియని వంకలో ఎదురెండకు తొక్కకండి.

మైదానంలో నల్లరేగడి బాట వానకు తడిసి ఉంటే ప్రయత్నించవద్దు. మట్టి ఫోర్కులో, ఫ్రేములో ఇరికి చక్రం తిరగదు. బలవంతంగా తొక్కితే డిరెయిలర్ (చైనును గేరు నుంచి గేరుకు మార్చే భాగం) తట్టుకోదు, విరిగిపోతుంది. రెండు రోజుల ఎండ తగిలాక వెళ్ళండి.

ప్రశ్న: వంకలో ఉండగా వాన వస్తే ఏం చేయాలి? (కడప)

మీ నెత్తిన వాన పడితేనే ప్రమాదమనుకోవద్దు. వంకకు నీళ్ళు పైనున్న గుట్టల నుంచి వస్తాయి. రాతి నేల నీటిని పీల్చుకోదు. ఎగువన గంటసేపు గట్టి వాన పడితే ఎండిన వంకలోకి నీళ్ళు గోడలా రావచ్చు, మీ దగ్గర ఆకాశం తేటగానే ఉంటుంది. పెన్నా పరీవాహకంలో వరద ఎంత వేగంగా పెరుగుతుందో 2021 నవంబరు 19న దాని ఉపనది చెయ్యేరు చూపింది. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట ఆ రోజు తెగింది.

కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో ఎగువ మండలాల వాతావరణ సూచన చూడకుండా వంకలో దిగవద్దు. దూరంగా ఉరుము వినిపించినా, నీళ్ళు ఎర్రబారినా, నురుగు, పుల్లలు తేలి వచ్చినా సైకిల్ గురించి ఆలోచించకుండా గట్టెక్కండి. ఎంత ఎత్తుకు? వంక పక్క చెట్ల కొమ్మల్లో గడ్డి, ప్లాస్టిక్ చిక్కుకున్న ఎత్తు చూడండి, పోయినసారి నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి. దానికంటే పైన నిలబడండి. భోజనానికి, విశ్రాంతికి వంక అడుగున ఎప్పుడూ కూర్చోకండి. పారే నీళ్ళు మోకాలు దాటితే సైకిల్‌తో దిగవద్దు, వేగంగా ఉంటే పిక్కదాకా ఉన్నా వద్దు. నెమ్మదైన నీళ్ళలో నడిపించుకు వెళ్ళేటప్పుడు సైకిల్ దిగువ వైపు ఉండాలి. ఎగువ వైపు ఉంటే నీళ్ళు దాన్ని మీ కాళ్ళ మీదికి నెడతాయి.

తొక్కడానికి మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి.

ప్రశ్న: కొండ ఎక్కేటప్పుడు మోకాళ్ళు నొప్పి. గేర్లు తక్కువా? (నంద్యాల)

మీ ముందు పళ్ళచక్రం 40, వెనక పెద్దది 42 పళ్ళయితే ఒక తొక్కుకు సైకిల్ 2.1 మీటర్లు జరుగుతుంది. రాళ్ళ ఎత్తు ఎక్కేటప్పుడు గంటకు 5 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 40 తొక్కులే పడతాయి. మోకాలికి బరువు అక్కడే. మూడు పళ్ళచక్రాల హైబ్రిడ్‌లో ముందు 28, వెనక 34 ఉంటే 1.8 మీటర్లే జరుగుతుంది. గ్రావెల్ సైకిల్‌లో ముందు పళ్ళచక్రం 36 లేదా 38 పళ్ళది వేయిస్తే తేడా తెలుస్తుంది. కొనే ముందు మీ క్రాంకుకు (పెడల్ బిగించే చేతికి) సరిపోతుందో మెకానిక్కును అడగండి.

ప్రశ్న: మందల కుక్కలు వెంటపడతాయి. వేగంగా పోతే తప్పించుకోవచ్చా? (ముద్దనూరు)

రాళ్ళబాటలో కుక్కను మించి పోలేరు. దిగండి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య అడ్డంగా పెట్టుకుని నెమ్మదిగా నడవండి. కాపరిని గట్టిగా పిలిచి పలకరించండి, ఆయన ఒక్క మాట చెబితే కుక్క ఆగిపోతుంది. దారి అడిగినా ఆయనకే బాగా తెలుసు, ఏ వంకలో నీళ్ళున్నాయో కూడా. గొర్రెలు దాటేదాకా ఆగండి, మంద మధ్యలోంచి దూసుకెళ్ళకండి.

ప్రశ్న: వంక దిగేటప్పుడు బ్రేకులు కీచుమంటున్నాయి, పట్టు కూడా తగ్గింది. (డోన్)

నాపరాయి దారుల తెల్లటి పొడి బ్రేకు ప్యాడ్లకు అంటుకుంటుంది. ప్యాడ్లు విప్పి, నేలమీద సన్న గరుకు కాగితం పరిచి నాలుగైదు సార్లు తేలిగ్గా రుద్దండి. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. చైనుకు వేసే నూనె డిస్కు మీద పడినా ఇదే శబ్దం, అప్పుడు ప్యాడ్లు నూనె పీల్చుకుని ఉంటాయి గనుక మార్చడమే దారి. ప్యాడ్‌లో పనిచేసే పొర 0.5 మి.మీ. కంటే సన్నబడితే వెంటనే మార్చాలి. రాళ్ళదారిలో సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు ఎక్కువ కాలం నిలుస్తాయి, కాకపోతే శబ్దం కొంచెం ఎక్కువ, మీ డిస్కుకు అనుమతి ఉందో డిస్కు మీద రాసి ఉంటుంది. చైనుకు ఈ దుమ్ములో తడి నూనెకంటే మైనం ఆధారిత లూబ్రికెంటు మేలు. ప్రతి రోజు తొక్కుడు అయ్యాక గుడ్డతో తుడిచి, రాత్రి ఆ లూబ్రికెంటు వేసి తెల్లవారేదాకా ఆరనివ్వండి.