పాత కన్వర్టిబుల్‌కు కొత్త టాప్: బట్ట పొట్టిదా, ఫ్రేము జరిగిందా?

ప్రశ్న: నా దగ్గర 1967 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ కారు ఉంది. దాని వినైల్ టాప్ (బట్టలా మడతపడే పైకప్పు) కుట్ల వెంబడి చిరిగిపోవడంతో పాతదాన్ని ఊడదీసి, ఆ మోడల్‌కే కుట్టిన కొత్త టాప్ తెప్పించాను. వెనక అంచు బిగించి ముందుకు లాగితే, ముందు అద్దం పైఅంచుకు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతోంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి లాగితే సాగుతుందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. అలా చేయవచ్చా, లేక టాప్‌ను వెనక్కి పంపాలా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. ముందుగా ఒక కొలత టేపు తీసుకోండి. టాప్‌ను మోసే ఫ్రేమును ఎత్తి, ముందు గొళ్ళేలు రెండూ బిగించి, ముందు పట్టీ (అద్దం పైఅంచు మీద కూర్చునేది) అంచు నుంచి అడ్డకమ్మీల మీదుగా వెనక పట్టీ వరకు నడిమధ్యన ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి కొలవండి. తరువాత కొత్త టాప్‌ను చదునైన చోట పరిచి అవే మూడు గీతల వెంబడి కొలవండి. ముందు భాగంలో లోపలికి మడిచి అంటించడానికి కొంత బట్ట అదనంగా ఉండాలన్న సంగతి లెక్కలో ఉంచుకోండి. బట్ట సరిపడా ఉందని టేపు చెబితే లోపం బిగింపులో ఉంది. బట్టే తక్కువని తేలితే, వెనక్కి పంపే ముందు ఫ్రేమును చూడాలి.

నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు ఫ్రేములోనే దొరికింది. అడ్డకమ్మీల మధ్య దూరాన్ని నిలిపేవి వాటిని కలుపుతూ సాగే నవారు పట్టీలు. పాత బట్టతో పాటు అవి కూడా తెగిపోయినా, పీకేసినా, కమ్మీలు తమ చోట నిలవక ముందుకో వెనక్కో వాలి, బట్ట నడవాల్సిన దారిని పొడిగిస్తాయి. ఆ స్థితిలో టాప్‌ను ఎంత లాగినా అది కమ్మీని కదుపుతుందే తప్ప అద్దం అంచును చేరదు. కాబట్టి కొత్త నవారు వేసి, కమ్మీలను వాటి స్థానంలో నిలిపి, మళ్లీ కొలవండి. కీళ్ల దగ్గర తుప్పు పట్టిందేమో, రివెట్లు వదులై ఒక పక్క కిందికి దిగిందేమో కూడా ఇప్పుడే చూడాలి. బట్ట ఎక్కాక ఆ పని చేయడం కుదరదు. ముందు అద్దాన్ని ఎప్పుడైనా విప్పి బిగించి ఉంటే దాని వాలును గమనించండి. అద్దం చట్రం కాస్త ముందుకు వాలినా పైన ఆ మేరకు బట్ట తగ్గుతుంది, తలుపు కిటికీకి పైనున్న సందు కూడా మారుతుంది.

ఇంకొక విషయం తప్పక సరిచూసుకోండి. ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు తయారైంది. మీ కారు కాలంలో ఫ్రేమును విడదీసి డిక్కీలో పెట్టుకునే రకం, కారుకే అమర్చి మడిచే రకం రెండూ ఉండేవి. ఒకదాని కోసం కుట్టిన టాప్ రెండోదానికి సరిపోదు. కారు సంవత్సరం ఒక్కటే చెప్పి తెప్పించి ఉంటే అమ్మినవారిని ఈ సంగతి అడగండి.

ఇక హెయిర్ డ్రయ్యర్ మాట. వినైల్ వేడికి మెత్తబడి సాగుతుంది, చల్లబడగానే బిగుసుకుంటుంది. అలా నాలుగు సెంటీమీటర్లు లాగి అంటించిన బట్ట మొదటి చల్లని రాత్రే కుట్లను లాగేస్తుంది, లేదా ముందు గొళ్ళెం పడనివ్వదు. చాలా ఏళ్ల క్రితం నేనూ మండే మధ్యాహ్నం బట్టను చేతి బలమంతా పెట్టి బిగించి, వారం తిరగకముందే ముందు భాగమంతా ఊడదీశాను. వేడికి తగిన పని వేరే ఉంది. పెట్టెలోంచి తీసిన టాప్‌ను ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల వెచ్చదనంలో కొన్ని గంటలు పరిచి ఉంచితే మడత గీతలు సర్దుకుంటాయి. అదే వాతావరణంలో బిగించడం మంచిది. వెనక ప్లాస్టిక్ కిటికీ మీదికి మాత్రం వేడి గాలి నేరుగా పోనీయకండి, అది వంకర తిరుగుతుంది.

కొలతలు కుదిరాక బట్ట మీద, ముందు పట్టీ మీద, వెనక పట్టీ మీద నడిమధ్యను సుద్దతో గుర్తుపెట్టండి. వెనక అంచును మధ్య నుంచి పక్కలకు అమర్చి, బట్టను ముందుకు చాపి, గొళ్ళేలు బిగించి ఉండగానే రెండు చేతులతో ముడత పోయేంత మాత్రమే లాగి, పట్టీ అంచు ఎక్కడ పడుతుందో గీత గీయండి. అప్పుడు గొళ్ళేలు విప్పి, ఆ గీత పట్టీ అంచు మీదకు వచ్చేలా అంటించాలి. కాంటాక్ట్ జిగురును రెండు ముఖాలకూ పూసి, వేలికి అంటనంత ఆరాక కలపాలి. ఒకసారి కలిశాక దాన్ని జరపడం కష్టం కనుక, మొదట మధ్యలో చేతి వెడల్పు మాత్రమే అంటించి, గొళ్ళేలు వేసి, ముడతలు చూసుకుని పక్కలకు సాగండి. తలుపులు తెరిచి, నిప్పుకు దూరంగా పని చేయండి, ఆ ఆవిరి మండుతుంది. రబ్బరు సీలును పట్టే పట్టీకి రివెట్లు వేయడం, పక్క బటన్లకు రంధ్రాలు పొడవడం చిట్టచివరి పనులు. ఆ రంధ్రాల కోసం పాత టాప్‌ను నమూనాగా పెట్టుకోకండి, ఏళ్ల తరబడి సాగి కుంచించుకుపోయిన బట్ట కొలతలు చెప్పదు. కారు మీదనే, బట్ట బిగువులో ఉండగా గుర్తుపెట్టండి.

ప్రశ్న: కొత్త టాప్ బిగించాక ఎన్నాళ్లకు మడవవచ్చు? మాది మొదటి తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5.

జవాబు: కనీసం రెండు వారాలు మూసే ఉంచండి. ఆ సమయంలో బట్ట ఫ్రేము ఆకారానికి అలవాటు పడుతుంది, చిన్న ముడతలు వాటంతటవే పోతాయి. తరువాత కూడా తడిగా ఉన్నప్పుడు మడవకండి. 1989లో వచ్చిన ఆ మోడల్‌కు వెనక ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది కాబట్టి, టాప్ దించే ప్రతిసారీ మొదట కిటికీ జిప్పు తీసి, కిటికీని చదునుగా పరిచి, దాని మీదకు ఒక మెత్తని గుడ్డ వేసి అప్పుడే దించండి. చలిలో ఆ ప్లాస్టిక్ పెళుసుగా మారుతుంది, మడతపడితే చిట్లుతుంది.