పాత హైబ్రిడ్ కొన్నారా? బ్యాటరీ సంగతి తర్వాత, ముందు ఇంజిన్ చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత ప్రియస్ గురించే, అంటే పెట్రోలు ఇంజిన్, బ్యాటరీతో తిరిగే మోటారు రెండూ ఉండే టయోటా హైబ్రిడ్ కారు. అమెరికా వెళ్లిన మన పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా తీసుకునే బళ్లలో అదొకటి కాబట్టి ఆశ్చర్యం లేదు. నాలుగు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: అన్నా, డల్లాస్ దగ్గర ఎమ్మెస్ చేస్తున్నాను. సీనియర్ దగ్గర 2011 ప్రియస్ కొన్నాను, 1,70,000 మైళ్లు తిరిగింది. పొద్దున్నే స్టార్ట్ అయినప్పుడు ఇంజిన్ కాసేపు గడగడా ఊగిపోతుంది, తర్వాత ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. షాపులో ప్లగ్గులు, కాయిల్స్ మార్చారు. వారం బాగుంది, మళ్లీ మొదలు. రూమ్మేట్లేమో హైబ్రిడ్ బ్యాటరీ పోయిందంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఇది బ్యాటరీ లక్షణం కాదు. బ్యాటరీ పోయే ముందు స్క్రీన్ మీద చార్జింగ్ గీతలు చూస్తుండగానే పడిపోతూ లేస్తూ ఉంటాయి, వెనక సీటు పక్కన ఫ్యాన్ హోరుమంటుంది. పొద్దున పూట మాత్రమే మిస్సింగ్ కొట్టి వేడెక్కాక సర్దుకుంటే నా మొదటి అనుమానం హెడ్ గాస్కెట్ మీదే, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య లీకు కాకుండా పెట్టే పలచని రేకు. 2010 నుంచి 2015 దాకా వచ్చిన మూడో తరం ప్రియస్‌లో ఉన్న 1.8 లీటర్ల ఇంజిన్‌కి ఇది బాగా తెలిసిన జబ్బు.

కారణం కూడా చెప్తాను, లేకపోతే మళ్లీ ఎవరో కాయిల్స్ అమ్ముతారు. ఈ ఇంజిన్‌లో సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత భాగాన్ని ఈజీఆర్ కూలర్‌లో చల్లబరిచి మళ్లీ ఇంజిన్‌లోకే పంపిస్తారు. దానివల్ల లోపల మంట వేడి తగ్గుతుంది, మైలేజీ వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కూలర్ సన్నని దారుల్లో కట్టెల పొయ్యి మీద గిన్నెకి పట్టినట్టు మసి పేరుకుపోతుంది. అక్కడి నుంచి ఇంటేక్ మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో చిన్న రంధ్రం ఉంటుంది, అవి కూడా ఒకేలా మూసుకుపోవు, ఒకటి పూర్తిగా, ఒకటి సగం. చల్లటి పొగ అందని సిలిండర్‌లో వేడి పెరిగి నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది, చివరికి గాస్కెట్ లొంగిపోతుంది. ఇక రాత్రి నువ్వు కారు ఆపి పడుకున్నాక కూలింగ్ సిస్టమ్‌లో ఉన్న ప్రెషర్‌కి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కొంచెం కొంచెంగా సిలిండర్‌లోకి దిగుతుంది. పొద్దున ఊగేది అందుకే.

ఊగడం ఆగిపోతుంది కదా అని నడపకు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో కూలెంట్ ఎక్కువ చేరిన రోజున ఇంజిన్ తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, అది బ్లాక్‌ని పగలగొట్టుకుని బయటికి వచ్చిన ఇంజిన్లూ ఉన్నాయి. ఇంకో ఇబ్బంది, ఈ కారు డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు లేదు. బాగా వేడెక్కాక ఎర్ర లైటు వెలుగుతుంది, అప్పటికే ఆలస్యం.

కారు పూర్తిగా చల్లారాక కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టు. రెండు డబ్బాలుంటాయి, ఒకటి ఇంజిన్‌ది, ఇంకోటి బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌ది, ఇంజిన్‌దే చూడాలి. బయట ఎక్కడా కారకుండా మట్టం తగ్గుతుంటే అనుమానం బలపడినట్టే. తర్వాత హైబ్రిడ్ తెలిసిన మెకానిక్ దగ్గర కూలింగ్ సిస్టమ్‌కి రాత్రంతా ప్రెషర్ పెట్టించి పొద్దున ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపించు. మూడు పిస్టన్లు నల్లగా ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు తళతళలాడుతోందా, కూలెంట్ దిగేది అక్కడే. ఆ ఫోటో నీకు చూపించమను.

గాస్కెట్ మారిస్తే దాంతోపాటు ఈజీఆర్ కూలర్, వాల్వ్, మానిఫోల్డ్ విప్పి శుభ్రం చేయాల్సిందే, హెడ్ వంగిందో లేదో కొలిపించాల్సిందే. అది వదిలేసి గాస్కెట్ ఒక్కటే వేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. లీకు ఆపే మందు పోస్తామంటే వద్దను, అది రేడియేటర్‌నీ హీటర్‌నీ పూడ్చేస్తుంది. పనికి వేల డాలర్లు అడుగుతారు, కారు విలువ దాన్ని మించకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మెయ్. నిజం దాచి జూనియర్‌కి అంటగట్టొద్దు. నీకు జరిగింది అదే కావచ్చు.

ఇదే కారు ఉండి ఇంకా ఊగడం మొదలవ్వని వాళ్లు, లక్ష మైళ్లు దాటినా ఒక్కసారీ ఈజీఆర్ శుభ్రం చేయించకపోతే ఇప్పుడే చేయించండి. ఆయిల్ కూడా చూసుకోండి, ఈ ఇంజిన్లలో చాలా వాటికి ఆయిల్ తాగే అలవాటుంది. మార్చే తేదీ దాకా ఆగకుండా మధ్యమధ్యలో డిప్‌స్టిక్ తీసి చూడకపోతే ఇంజిన్ బోరుకొచ్చాకే తెలుస్తుంది.

ప్రశ్న: బాబాయిగారూ, మాది ఒంగోలు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటోంది, పాత హైబ్రిడ్ కారు కొంది. "అమ్మా, ఇది ఆగిందో నడుస్తోందో నాకే తెలియదు" అని నవ్వుతుంది. ఇంటికి ఆనుకునే కారు షెడ్డు ఉంది. ఇందులో ప్రమాదమేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా, నవ్వేసే విషయం కాదు. హైబ్రిడ్‌లో పెట్రోలు ఇంజిన్ ఆగినా కారు ఆన్‌లోనే ఉండొచ్చు. మీ అమ్మాయి బటన్ నొక్కకుండా దిగిపోయి షట్టరు వేస్తే, కాసేపటికి బ్యాటరీ తగ్గగానే ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అవుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, తలుపు సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది. తాళంచెవి తిప్పే పని లేని బటన్ కార్లు ఇలా ఆన్‌లో ఉండిపోయి అమెరికాలో 2006 నుంచి 20 మందికి పైగా చనిపోయారని న్యూయార్క్ టైమ్స్ 2018లో రాసింది. వాటిలో హైబ్రిడ్ కానివీ ఉన్నాయి. టయోటా తన చాలా మోడళ్లకి కొంతసేపయ్యాక వాటంతటవే ఆగిపోయే ఏర్పాటు 2020 మోడళ్ల నుంచి పెడతామంది, పాత వాటిలో అది ఉంటుందనుకోవద్దు.

దిగే ముందు డాష్‌బోర్డులో "రెడీ" అనే అక్షరాలు ఆరిపోయాయో లేదో చూడమనండి. తాళం పట్టుకుని దిగితే కారు బీప్ కొడుతుంది గానీ ఫోన్ మాట్లాడుతూ దిగేవాళ్లు దాన్ని పట్టించుకోరు. పడకగది బయట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి, ఖరీదు పెద్దగా ఉండదు.

ప్రశ్న: 2012 ప్రియస్ బేరంలో ఉన్నాను. ట్రయల్ వేస్తే బాగానే ఉంది కానీ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బానెట్ లోపల గుయ్యిమని శబ్దం వస్తూ ఆగుతూ ఉంది. ఓనర్ "హైబ్రిడ్ అంటే అంతే" అంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: డ్రైవర్ తలుపు తెరవగానే ఒకసారి గుయ్యిమంటే అది మామూలే, బ్రేక్ పంప్ ప్రెషర్ నింపుకుంటోంది. పెడల్ మీద కాలు లేకుండానే కొద్ది సెకన్లకోసారి మోగుతుంటే మాత్రం బ్రేక్ బూస్టర్‌లో లోపలి లీకు ఉన్నట్టే. ఒకరోజు ఏబీఎస్, బ్రేక్ లైట్లు అన్నీ ఒకేసారి వెలుగుతాయి, పెడల్ బలం తగ్గిపోతుంది. టయోటా కొన్ని కార్లకి ఈ భాగం మీద వారంటీ పొడిగించింది, ఈ వయసు కార్లలో చాలావాటికి ఆ గడువు అయిపోయింది. ఖరీదైన భాగం, పైగా స్కానర్ లేకుండా బ్రేక్ ఆయిల్‌లోంచి గాలి తీయడం కుదరదు. ఆ ఖర్చు బేరంలో తగ్గిస్తాడా అడగండి, లేదంటే వదిలేయండి. బ్రేకుల దగ్గర మొహమాటం ఏమిటి?

రీకాల్స్ కూడా చూడండి, అంటే లోపం బయటపడి కంపెనీ బళ్లని వెనక్కి పిలిచి బాగుచేసేవి. 17 అక్షరాలూ అంకెల విన్ నంబర్‌ని (ఒక్కో కారుకీ ఉండే గుర్తింపు నంబర్) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే పెండింగ్‌లో ఉన్నవి వస్తాయి. 2014లో టయోటా ఇన్వర్టర్ ట్రాన్సిస్టర్లు వేడెక్కుతున్నాయని ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల ప్రియస్‌లని పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చింది. 2018లో మళ్లీ 24 లక్షల హైబ్రిడ్లని పిలిచింది, లోపం వచ్చినప్పుడు నెమ్మదిగా పక్కకి వెళ్లే శక్తి మిగలాల్సింది పోయి కొన్ని అలాగే ఆగిపోతాయని. హైవే మీద అదెలా ఉంటుందో ఊహించుకోండి. 2010-12 కార్లకి పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌ల రీకాల్ కూడా 2016లో వచ్చింది. ఓనర్ "అన్నీ అయిపోయాయి" అంటే సరిపోదు, కాగితం అడగండి.

ఇంకోటి, కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి. పైన డల్లాస్ తమ్ముడి కథ చదివారుగా.

ప్రశ్న: సార్, విజయవాడ నుంచి రాస్తున్నాను. మాది 2015 కామ్రీ హైబ్రిడ్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సీట్ల దాకా నీళ్లొచ్చాయి. షెడ్డులో ఆరబెట్టించి వాడుతున్నాం. ఇప్పుడు అప్పుడప్పుడు హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయమని మెసేజ్ వస్తోంది. మెకానిక్ స్కానర్‌తో చెరిపేస్తే నాలుగు రోజులు రావడం లేదు.

జవాబు: చెరిపించడం ఆపండి సార్, కారు చెప్పేది వినకుండా దాని నోరు మూయిస్తున్నారు అంతే. ఈ బండిలో దాదాపు 245 వోల్టుల బ్యాటరీ వెనక సీటు వెనకాలే ఉంటుంది. సీట్ల దాకా నీళ్లొస్తే అది తడిసే ఉంటుంది. సెల్స్‌ని కలిపే రాగి పట్టీలకి చిలుము పడుతుంది, ఒక్కోసారి ఇన్సులేషన్ తగ్గి కరెంటు బాడీలోకి లీకవుతుంది. ఆ మెసేజ్ దీని గురించో వేరే దాని గురించో కోడ్ చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి చెరపకుండా కోడ్ నంబర్ కాగితం మీద రాయించుకుని, హైబ్రిడ్ టెక్నీషియన్ ఉన్న సర్వీస్ సెంటర్‌కి ఫ్లాట్‌బెడ్ మీద పంపండి. ఇన్సులేషన్ టెస్ట్ చేయమని నోటితో అడగండి, అడగకపోతే కొన్నిచోట్ల చెయ్యరు. నారింజ రంగు వైర్లని మీ షెడ్డు కుర్రాళ్లని ముట్టుకోనివ్వొద్దు. బ్యాటరీ కరెంటు కట్ చేసే సర్వీస్ ప్లగ్ తీశాక కూడా ఇన్వర్టర్‌లో కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.