అమ్మమ్మ ముక్కుపుడక ఎటువైపు?

టి. నగర్, చెన్నై

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మకు అరవై నిండేనాటికి గోదావరి లంకలోని మా పుట్టింటి బొమ్మను ఒక చిత్రకారుడి చేత వేయించి ఇవ్వాలనుకుంటున్నావని చదివి సంబరపడ్డాను. అయితే, దానికి నీ ఫోన్లో ఉన్న నాలుగు ఫోటోలూ కాస్త డబ్బూ చాలుననుకుంటున్నట్టున్నావు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

మా హాల్లోని అమ్మమ్మ పటం నువ్వు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. దాని కథ నీకెవరూ చెప్పి ఉండరు. అమ్మ పోయిన మరుసటి ఏడు కోడంబాకంలో ఒక చిత్రకారుడికి ఆమె ఫోటో ఇచ్చి, "ఇందులో ఉన్నట్టే వెయ్యండి" అన్నాను. ఆ ఒక్క మాటా చెప్పి, అడ్వాన్సు చేతిలో పెట్టి వచ్చేశాను. మూడు నెలలకు బొమ్మ వచ్చింది. మీ అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి, దాని ముందు చాలాసేపు నిలబడి, "బాగుంది గానీ అక్కా, అమ్మలా లేదు" అంది. తేడా ఎక్కడంటే చెప్పలేకపోయింది. నాకు ఒళ్లు మండి ఆయన్ను పిలిపించాను. ఆయన ఫోటో తెచ్చి పక్కన పెట్టాడు. వెంట్రుకవాసి తేడా లేదు. కాసేపటికి ఆయనే నెమ్మదిగా, "మీ ఇళ్లలో కుడి పైట వేసుకుంటారేమో అనుకున్నానండీ" అన్నాడు.

అమ్మ ఏనాడూ కుడి పైట వేసుకోలేదు. చూస్తే, కుడివైపు ఉండవలసిన ముక్కుపుడక కూడా ఎడమవైపు ఉంది. ఎప్పుడో స్టూడియోలో నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారు. అరచేతంత ఫోటోలో ఇన్నేళ్లుగా ఎవరి కంటా పడనిది, నిలువెత్తు పటంలో మీ అమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. పైట సంగతి గమనించినవాడు ఆయనొక్కడే. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మీ అమ్మ చేతి అద్దం తెచ్చి పటానికి ఎదురుగా పట్టింది. అద్దంలో అమ్మ కనిపించింది. మళ్లీ వేసిస్తానని ఆయన ఎంత చెప్పినా మేమే వద్దన్నాం. రోజూ బొట్టు పెట్టుకుంటూ అమ్మ తనను తాను చూసుకున్నది అలాగే కదా అని ఉంచేసుకున్నాం.

అందుకని నువ్వు చిత్రకారుణ్ణి వెతకడానికి ముందు ఒక కాగితం తీసుకుని, ఫోటోకు తెలియనివన్నీ రాయి. వీధి అరుగు ఎటు తిరిగి ఉండేది, మండువాలోకి ఎండ ఏ వేళకు దిగేది, పెంకుల మీద నాచు ఎంత, 86 వరద నీళ్లు గోడ మీద వదిలిన మరక ఎంత ఎత్తున ఉండేది. ఇవన్నీ బొమ్మలోకి రావాలని కాదు. వేసేవాడి తలలోకి వెళ్లాలి. ఏది ఉంచాలో ఏది వదిలెయ్యాలో ఆయన చూసుకుంటాడు.

ఇక మనిషిని ఎంచుకోవడం. మన ఇళ్లలో బొమ్మ అంటే చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్య గారు వేసినట్టే ఉండాలనుకుంటారు. అది తప్పు కాదు. కానీ ఆ చూపు లేని మనిషి దగ్గరికి వెళ్లి అలా వెయ్యమంటే ఇద్దరికీ కష్టమే. నువ్వుండే తొరైపాక్కానికి దగ్గరలోనే, ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం ఉంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ పూనికతో చిత్రకారులూ శిల్పులూ తామే స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరది. బొమ్మలు కొనేవాళ్లు లేని రోజుల్లో మైనం పూసి రంగులద్దే బాతిక్ గుడ్డలు చేసి అమ్ముకుని నిలదొక్కుకున్నారు. ఒక శనివారం అక్కడి మ్యూజియం తీరిగ్గా చూడు. గ్రీమ్స్ రోడ్డులోని లలితకళా అకాడమీకి, ఎగ్మూరులో 1850 నుంచీ నడుస్తున్న చిత్రకళాశాలకు కూడా ప్రదర్శనలు పెట్టినప్పుడు వెళ్లు. జనవరి దాకా ఆగగలిగితే బెంగళూరులో చిత్రసంత ఉంటుంది. చిత్రకళా పరిషత్తు ముందు రోడ్డంతా బొమ్మలే, వేసినవాళ్లే పక్కన నిలబడి ఉంటారు. కొనకపోయినా మాట్లాడవచ్చు.

మీ అమ్మకు ఏది నచ్చుతుందో అడగకు. అడిగితే "ఏదైనా పర్వాలేదు నాన్నా" అంటుంది. ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లి, ఏ బొమ్మ దగ్గర ఆగుతుందో పక్కనుంచి చూడు.

ఒకరు నచ్చితే, ఆయన వేసిన పది బొమ్మలు చూశాకే మాట్లాడు. ఒక్క మంచి బొమ్మ ఎవరికైనా కుదురుతుంది. నీ ఫోన్లో దాచుకున్న ఎవరిదో బొమ్మ చూపించి అలాగే వెయ్యమనకు. అలా అయితే ప్రింటు కొనుక్కోవచ్చు. సోఫా గుడ్డకు రంగు కలవాలన్నావు చూడు, ఆ మాట మాత్రం ఆయన ముందు అనకు. సోఫా ఐదేళ్లకు మారుతుంది.

డబ్బు విషయం మొదటి రోజే తేల్చుకో. చాలామంది కొలతను బట్టి ధర చెబుతారు. కాన్వాసు, ఫ్రేము, చేరవేసే ఖర్చు అందులోనే ఉన్నాయా, వేరా అని అడుగు. ఎక్కువ అనిపిస్తే పాండీ బజారులో చీరలు బేరం చేసినట్టు చెయ్యకు, కొలత తగ్గించమని అడుగు. మూడో వంతు ముందు, మూడో వంతు చిత్తు బొమ్మ నీకు నచ్చాక, మిగతాది బొమ్మ చేతికొచ్చాక ఇస్తే ఇద్దరికీ నిశ్చింత. చిత్తు బొమ్మ పెన్సిల్‌తోనే కాకుండా చిన్న సైజులో రంగులతో కూడా వేయించుకో. నీ అభ్యంతరాలన్నీ అక్కడే చెప్పెయ్యి. అసలు కాన్వాసు మీద రంగు పడ్డాక చెట్టును కాస్త పక్కకు జరపమనడం, వంట దించాక ఉప్పు తీసెయ్యమనడం లాంటిది.

ఒప్పందం ఒక పేజీ చాలు. కొలత, తైలవర్ణమా (నూనె రంగులు) యాక్రిలికా (నీళ్లలో కలిపే రంగులు), గడువు, డబ్బు వాయిదాలు, ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చో రాసుకోండి. ఆహ్వాన పత్రిక మీద కూడా ఆ బొమ్మే అచ్చు వేయిస్తానన్నావు కాబట్టి హక్కుల సంగతి కూడా రాయాలి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి మన కోసం వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందమేదీ లేకపోతే, కాపీరైటు వేయించుకున్నవారిదే. నాకు తెలిసిన ఒకరిద్దరు చిత్రకారులు ఇది విని ఆశ్చర్యపోయారు. ఆయన తన ప్రదర్శనలోనో పుస్తకంలోనో ఆ బొమ్మ వేసుకోవాలనుకుంటే ఒప్పుకో, అదీ కాగితం మీద పెట్టు. ఇక హక్కు నీదే అయినా, బొమ్మ కింద ఆయన పేరు తీసెయ్యడానికి గానీ, ఆయన పరువు పోయేలా బొమ్మను చెడగొట్టడానికి గానీ నీకు వీల్లేదు. 57వ సెక్షన్ ఆయన పక్షాన ఉంది.

గడువు దగ్గర నిన్ను కాస్త భయపెట్టాలి. తైలవర్ణం పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. చివరి వార్నిష్ ఆరు నెలలో ఏడాదో ఆగి వేస్తారు. పైగా ఐప్పసి, కార్తీక మాసాల్లో, చెన్నైలో వానలు పడే రోజుల్లో, ఇక్కడి గాలి నీకు తెలిసిందే, అప్పడాలే మెత్తబడతాయి. వేడుకకు నాలుగు నెలలు లేకపోతే యాక్రిలిక్‌లో వెయ్యమను, అది త్వరగా ఆరుతుంది. తొందరపెట్టి తైలం వేయించి, పచ్చి బొమ్మను రైల్లో పంపకు. చుట్టి పంపక తప్పకపోతే, బాగా ఆరాక, రంగున్న వైపు బయటికి వచ్చేలా చుట్టాలి. మనం తెలివి అనుకుని లోపలికి చుడతాం, రంగు నలిగి పగుళ్లు వస్తాయి.

కొలత ఎంతో తేల్చుకోవడానికి, మీ అమ్మ ఇంట్లో అనుకున్న గోడ మీద పాత పేపర్లు ఆ కొలతకు అతికించి వారం రోజులు ఉంచమని మీ నాన్నకు చెప్పు. ఆమె అడిగితే సున్నం రాలుతోందని ఏదో చెప్పమను. వానకు చెమ్మ పట్టే బయటి గోడ వద్దు, సాయంత్రం ఎండ నేరుగా పడే గోడా వద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటిస్తే గాలి ఆడి బూజు పట్టదు. అమ్మమ్మ పటానికి అదే చేశాను.

ఒక ఆదివారం ఇంటికి రా, ఇంటి పటం గీసిపెడతాను. గుమ్మం ముందు మామిడి చెట్టు అని రాశావు, అది మామిడి కాదు, పొగడ. మామిడి పెరట్లో ఉండేది. ఇంకొకటి, మీ అమ్మకు అనుమానం రాకుండా మాటల్లో పెట్టి, నూతి గిలక ఎటువైపు ఉండేదో అడుగు. నాకు తూర్పు అనే గుర్తు. కానీ నిన్న రాత్రి కళ్లు మూసుకుని నీళ్లు తోడి చూస్తే, ఎండ వీపు మీద పడుతోంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ